ఇసుక చాలడం లేదా? మ్యాప్ మీద రాయండి

రెండు తెరల చేతి ఆటయంత్రం నింటెండో డీఎస్ మీద 2007లో వచ్చిన "ద లెజెండ్ ఆఫ్ జెల్డా: ఫాంటమ్ అవర్‌గ్లాస్" గురించి ఈ నెల ఉత్తరాలు ఎక్కువగా వచ్చాయి. మొత్తం స్టైలస్‌తోనే, అంటే తెర మీద గీసే ప్లాస్టిక్ పుల్లతోనే, ఆడే సాహసం ఇది. లింక్ అనే కుర్రాడిని నడిపించడం, కత్తి ఝళిపించడం, ఓడకు దారి చూపడం, అన్నీ కింది తెర మీద గీతలు గీసే చేయాలి. విదేశాల నుంచి చుట్టాలు తెచ్చిన పాత డీఎస్‌లలో, సెకండ్ హ్యాండ్‌లో కొన్న 3డీఎస్‌లలో చాలామంది ఇప్పుడే దీన్ని మొదలుపెడుతున్నట్టు ఉత్తరాలను బట్టి తెలుస్తోంది. కొన్ని జవాబుల్లో పజిల్ గుట్టు బయటపెట్టక తప్పలేదు. సొంతంగా కనిపెట్టాలనుకునేవాళ్లు ముందు ప్రశ్న మాత్రం చదివి, జవాబు చదవాలో వద్దో తేల్చుకోండి.

ప్రశ్న: ఓషన్ కింగ్ గుడిలోకి దిగిన ప్రతిసారీ మధ్యలోనే ఇసుక అయిపోతోంది. పెద్ద కత్తులతో తిరిగే కాపలావాళ్లు కొడితే అంతస్తు మొదటికి వచ్చి పడుతున్నాను. పరుగెత్తినా లాభం లేదు. ఏం చేయాలి?
– కాకినాడ నుంచి ఒక డిగ్రీ విద్యార్థి

జవాబు: పరుగుతో తీరే ఇబ్బంది కాదండీ ఇది. ముందు లెక్క చూద్దాం. గుడిలోని శాపం నుంచి లింక్‌ను కాపాడే ఇసుక గడియారం చేతికొచ్చినప్పుడు అందులో 10 నిమిషాల ఇసుక ఉంటుంది. ఒక్కో గుడి బాస్‌ను, అంటే చివర్లో వచ్చే పెద్ద శత్రువును, ఓడిస్తే 2 నిమిషాలు కలుస్తుంది, అలా పెరిగి పెరిగి 25 నిమిషాల దగ్గర ఆగుతుంది. ఫాంటమ్ అనే ఆ కాపలావాడు ఒక్క వేటు వేస్తే 30 సెకన్ల ఇసుక పోతుంది, పైగా అంతస్తు మొదటికి వస్తారు. అంటే నాలుగు దెబ్బలు తింటే ఒక బాస్‌ను ఓడించి సంపాదించిన 2 నిమిషాలూ పోయినట్టే. ఇసుక మొత్తం అయిపోయాక గుడిలోని శాపం లింక్ ప్రాణాన్నే తినడం మొదలుపెడుతుంది. బయట ఎండలోకి వస్తే గడియారం మళ్లీ నిండుతుంది.

ఇసుక ఎప్పుడు కారదో తెలుసుకుంటే సగం పని అయినట్టే. నేల మీద ఊదా రంగులో మెరిసే చోట్లలో నిలబడితే ఇసుక కారదు, కాపలావాళ్లకు మీరు కనబడరు కూడా. మ్యాప్‌ను కింది తెర మీదికి దింపినప్పుడు ఆట ఆగి ఉంటుంది. కాబట్టి ఆలోచన ఊదా చోటులో, రాత మ్యాప్ మీద. బయట అడుగుపెట్టేది పని చేయడానికి మాత్రమే. చాలామంది ఊదా చోటును దాక్కునే మూల అనుకుని, కాపలావాడు అటు తిరగగానే గబుక్కున బయటికి దూకేస్తారు. అక్కడ నిలబడి వాడు ఒక చుట్టు పూర్తిచేసేదాకా చూడండి. ఎక్కడ మలుపు తిరుగుతున్నాడు, ఎక్కడ ఆగుతున్నాడు గమనించి, మ్యాప్ దింపి, ఆ దారిని బాణం గుర్తుతో గీయండి.

మ్యాప్ మీద ఏం రాయాలంటే: కాపలావాడు నడిచే దారి, మీటలు లాగాల్సిన వరుస, ఎక్కడో రాతిఫలకం మీద కనబడిన సూచన, ఇప్పుడు తెరవలేని పెట్టె ఉన్న చోటు, పగుళ్లున్న గోడ, దాటలేని అగాధానికి అవతల ఉన్న కొయ్య. చివరి రెండూ అసలు మర్చిపోవద్దు. ఈ గుడికి ఆటలో పలుమార్లు తిరిగి వస్తారు, వచ్చిన ప్రతిసారీ చేతిలో కొత్త సామాను ఉంటుంది. విండ్ గుడిలో దొరికే బాంబులతో పగుళ్ల గోడ పగులుతుంది. కరేజ్ గుడిలో దొరికే విల్లుతో దూరంగా ఉన్న కంటి ఆకారపు మీటను కొట్టవచ్చు. ఐస్ గుడిలోని గ్రాప్లింగ్ హుక్‌తో కొయ్యకు తాడు తగిలించి అగాధం దాటవచ్చు. మొదటిసారి రెండు నిమిషాలు పట్టిన అంతస్తును ఈ అడ్డదారులతో సెకన్లలో దాటిపోవచ్చు. ఎక్కడ ఏది పనికొస్తుందో ముందే "బాం", "తాడు" అని రాసిపెట్టుకుంటే తిరిగొచ్చినప్పుడు వెతుకులాట ఉండదు. తెలుగులో రాసినా ఇబ్బంది లేదు. మ్యాప్ మీద రాసేది యంత్రానికి వట్టి గీతలే, చదవదు. ఆట ఆపేసినా అవి చెరిగిపోవు. స్థలం నిండితే చెరిపే గుర్తు ఉంది.

ఇంకో సంగతి చాలామంది దృష్టికి రాదు. సగం దిగాక ఒక విశ్రాంతి గది వస్తుంది. అది తెరుచుకున్నాక గుడి ముంగిట్లోని వెలుగు ద్వారం గుండా నేరుగా అక్కడికే వెళ్లవచ్చు. అయితే అలా వెళ్లినప్పుడు మీ గడియారంలో ఉండే ఇసుక, ఆ గదికి మీరు అన్నిటికన్నా త్వరగా చేరినప్పుడు మిగిలినంతే. మొదటిసారి తడుముకుంటూ దిగి ఉంటే ఆ తక్కువ ఇసుకతోనే కింది అంతస్తులు మొదలవుతాయి. "పై అంతస్తులు అయిపోయాయి కదా, మళ్లీ ఎందుకు" అనుకోకండి. బాంబులు, విల్లు వచ్చాక ఒకసారి పైనుంచి మళ్లీ దిగి ఆ రికార్డు మెరుగుపరచుకోండి. కింది అంతస్తుల్లో ఇసుక చాలడం లేదని రాసినవాళ్లలో చాలామంది చేయాల్సింది ఇదే.

కాపలావాళ్లతో పోరాటం ఇప్పుడప్పుడే వద్దు. వెనకనుంచి బాణం వేస్తే కాసేపు బిగుసుకుపోతారు, చావరు. మూడు లోహాలతో జాజ్ అనే కమ్మరి చేసిచ్చే ఫాంటమ్ కత్తి వచ్చేదాకా వాళ్లను చంపలేరు. అది వచ్చాక కూడా దెబ్బ వీపు మీదే పడాలి, ఎదురుగా కొట్టి లాభం లేదు.

ప్రశ్న: కత్తిని గిరగిరా తిప్పాలని లింక్ చుట్టూ సున్నా గీస్తుంటే, తిప్పకుండా సున్నా మీదే నడుస్తున్నాడు. పల్టీ కొట్టించడం అయితే అసలు రావడం లేదు. స్క్రీన్ పాడైందా?
– నిజామాబాద్

జవాబు: స్క్రీన్‌ను అనుమానించే ముందు చేతిని చూసుకోండి. స్టైలస్‌ను తెర మీద ఉంచి కదిపితే లింక్ దానివెంట నడుస్తాడు. దగ్గరగా ఉంచితే నడక, దూరంగా ఉంచితే పరుగు. మీరు సున్నాను తీరిగ్గా గీస్తే అది కూడా "ఇలా నడువు" అన్నట్టే అర్థమవుతుంది. కత్తి తిరగాలంటే లింక్‌ను మధ్యలో పెట్టి, చిన్నగా, ఒక్క ఊపులో గీయాలి. పెద్ద సున్నా వద్దు. వరుసగా తిప్పుతూ పోతే లింక్‌కు కళ్లు తిరిగి కాసేపు నిలబడిపోతాడు, ఆ సమయంలో శత్రువు కొడతాడు. ఒక శత్రువే ఉంటే వాడి మీద ఒక తట్టు తట్టండి, లింక్ ఎగిరి వెళ్లి నరుకుతాడు. చుట్టూ ముగ్గురు నలుగురు మూగినప్పుడే సున్నా.

పల్టీకి తెర అంచు దగ్గర చిన్నచిన్న సున్నాలు గబగబా గీయాలి, ఏ అంచున గీస్తే అటు దొర్లుతాడు. పాత యంత్రాల్లో చిక్కు వచ్చేది సరిగ్గా ఇక్కడే. డీఎస్ టచ్‌స్క్రీన్ ఒత్తిడితో పనిచేసే రకం. విద్యుత్తు పారే పూత ఉన్న రెండు పొరలు మధ్యలో సన్నటి ఖాళీతో ఉంటాయి. పై పొరను నొక్కితే కింది పొరకు తగులుతుంది, అదే "తాకిన చోటు". చట్రానికీ తెరకూ మధ్య దుమ్ము, బిస్కెట్ పొడి ఇరుక్కుంటే అంచును ఎవరో ఎప్పుడూ నొక్కి ఉంచినట్టే అవుతుంది. లింక్ తనంతట తాను ఒక మూలకు పోతుంటే కారణం తొంభై పాళ్లు ఇదే. స్విచ్ ఆపి, మందం లేని గట్టి కాగితం మూలను చట్రం కిందికి జాగ్రత్తగా పోనిచ్చి నాలుగు వైపులా లాగండి. సూది, బ్లేడు పెట్టకండి, పై పొర చిరిగితే ఇక తెర మార్చడమే.

ఆ తర్వాత సెట్టింగ్స్‌లోకి వెళ్లి టచ్‌స్క్రీన్‌ను సరిచేసుకోండి. అది చూపించే గుర్తుల నడిబొడ్డును స్టైలస్ మొనతోనే నొక్కాలి. గోరుతోనో వేలితోనో చేస్తే తప్పు తప్పుగానే నమోదవుతుంది.

మరో పొరపాటు అరచేతిని తెర మీద ఆనించడం. ఈ రకం తెరకు ఒకసారి ఒక్క స్పర్శే తెలుస్తుంది. స్టైలస్, అరచేయి రెండూ తగిలితే ఆ రెంటికీ మధ్యలో ఎక్కడో తాకినట్టు చదువుతుంది. "నేను ఇటు గీస్తే వాడు అటు పోతున్నాడు" అన్న ఫిర్యాదు వెనక ఎక్కువసార్లు ఉన్నది ఇదే. ఫోన్ కోసం అమ్మే మెత్తటి రబ్బరు మొన స్టైలస్ కూడా దీనికి సరిపడదు, మొన వెడల్పు కాబట్టి గీత ఎక్కడ పడుతోందో తెలియదు. నున్నటి ప్లాస్టిక్ మొన ఉన్నది చాలు. రీఫిల్ అయిపోయిన బాల్‌పెన్ మాత్రం వాడవద్దు, గీతలు పడతాయి.

బూమరాంగ్ గురించి అడిగినవాళ్లకూ ఇక్కడే చెబుతాం. దాని దారిని సున్నాలా కాకుండా నిదానంగా, స్టైలస్ ఎత్తకుండా గీయండి. గీత గోడను తాకితే బూమరాంగ్ అక్కడే ఆగి వెనక్కి వస్తుంది. ఎల్ లేదా ఆర్ బటన్ నొక్కి పట్టుకుంటే సామాను చేతిలో సిద్ధంగా ఉంటుంది, వదిలితే కత్తికి వచ్చేస్తుంది. ప్రతిసారీ మూలనున్న బొమ్మను తట్టడం కన్నా ఇది ఎంతో వేగం.

ప్రశ్న: పై తెర మీద ఒక ముద్ర, కింది తెర మీద సముద్రపు మ్యాప్. "ముద్రను మ్యాప్ మీద అద్దు" అంటోంది. గీశాను, రుద్దాను, ఊదాను, అన్ని బటన్లూ నొక్కాను. రెండు రోజులుగా అక్కడే ఉన్నాను.
– ఖమ్మం

జవాబు: ఈ ఆటలో అందరినీ ఆపేసే చోటు ఇది. ఇంత చక్కటి పజిల్ చేతి యంత్రాల మీద అరుదు. ముద్ర పై తెర మీద, మ్యాప్ కింది తెర మీద. పై తెరను కింది తెర మీదికి ఎలా తెస్తారు? పుస్తకం మూసినట్టు యంత్రాన్ని మూసేయండి. ఒక క్షణం ఆగి తెరవండి. ముద్ర పడి ఉంటుంది.

2013లో వచ్చిన పలక లాంటి 2డీఎస్‌కు మూత లేదు. దానికి కింది భాగంలో కుడివైపు నిద్ర స్విచ్ ఉంది. దాన్ని జరిపి, మళ్లీ వెనక్కి జరిపితే అదే పని అవుతుంది. మూత ఉన్న యంత్రంలో మూసినా ముద్ర పడకపోతే, మూసినప్పుడు శబ్దం ఆగి పవర్ లైటు నెమ్మదిగా వెలిగి ఆరుతోందా చూడండి. అలా జరగకపోతే మూత మూసిన సంగతి యంత్రానికి తెలియడం లేదన్నమాట. బయటి కేసు మార్పించిన యంత్రాల్లో లోపలి చిన్న అయస్కాంతం తిరిగి పెట్టకపోతే ఇలా అవుతుంది. బాగుచేసినవాళ్ల దగ్గరికే తీసుకెళ్లి ఆ ఒక్క మాట చెప్పండి.

ప్రశ్న: దీపాలు ఆర్పడానికి మైకులోకి ఊదమంటోంది. ఎంత ఊదినా కొన్నిసార్లు ఆరవు, కొన్నిసార్లు ఊదకుండానే ఆరిపోతున్నాయి.
– నెల్లూరు

జవాబు: ఫ్యాన్ కింద కూర్చుని ఆడుతున్నారా? మైకుకు గాలి, అరుపు, మాట అన్న తేడా తెలియదు, ఎంత గట్టిగా చప్పుడు వచ్చిందన్నదే చూస్తుంది. సీలింగ్ ఫ్యాన్ గాలి నేరుగా మైకు రంధ్రానికి తగిలితే ఎడతెగకుండా ఊదినట్టే. ఊదకుండా ఆరడానికి కారణం అదే. ఫ్యాన్ ఆపనక్కర్లేదు, యంత్రాన్ని గాలికి పక్కగా తిప్పి పట్టుకుంటే చాలు. ఊదినా ఆరకపోతే మైకు ఎక్కడుందో చూసుకోండి. డీఎస్‌లో తర్వాతి రకాలైన డీఎస్ లైట్‌లో, డీఎస్‌ఐలో అది రెండు తెరల మధ్య కీలు దగ్గర ఉంటుంది. చాలామంది తెర మీద కనబడే దీపం మీద ఊదుతున్నారు.

కుందేలు చెవుల పోల్స్ వాయిస్ శత్రువుల మీద ఊదడం కన్నా అరుపు బాగా పనిచేస్తుంది. కానన్ దీవిలో సముద్రం అడుగు నుంచి పెట్టెలు తీసే సాల్వేజ్ ఆర్మ్ కొనేటప్పుడు కూడా గట్టిగా అరవండి, అరుపును బట్టి ధర తగ్గుతుంది. రాత్రిపూట ఇంట్లోవాళ్లు పడుకున్నాక ఆ బేరం పెట్టుకోకండి. ఇదే వరుసలో 2009లో వచ్చిన "స్పిరిట్ ట్రాక్స్"లో పిల్లనగ్రోవి వాయించడానికీ ఇవే మాటలు వర్తిస్తాయి. అక్కడ గట్టిగా ఊదాల్సిన పని లేదు, ఒక్కో స్వరానికి తెగకుండా ఊదాలి. తోడు వాయించేవాళ్లు మొదలుపెట్టేదాకా ఊపిరి బిగబట్టి ఉంచుకోవద్దు, మీ వంతు రాగానే తీసుకోండి.

ప్రశ్న: కరేజ్ గుడి బాస్ కనబడడు. ఎటు కొట్టాలి?
– బెంగళూరు నుంచి ఒక తెలుగు పాఠకురాలు

జవాబు: కింది తెర వదిలేసి పై తెర చూడండి. అక్కడ కనబడేది క్రేక్ అనే ఆ పీత కళ్లతో చూస్తే కనబడే దృశ్యం. అందులో మీరే ఉంటారు. మీ వీపు కనబడుతోందంటే అది మీ వెనక ఉంది. ముఖం కనబడుతోందంటే ఎదురుగా ఉంది. మీరు పెద్దగా కనబడుతున్నారంటే దగ్గరికి వచ్చేసింది. పై తెరలో మీ ముఖం నేరుగా కనబడేదాకా లింక్‌ను తిప్పండి, విల్లు ఎక్కుపెట్టి ఉంచండి, బాగా దగ్గరికి రాగానే బాణం వదలండి. తొందరపడి దూరం నుంచి వేస్తే తప్పిపోయి, మళ్లీ ఎక్కుపెట్టేలోపు డెక్కతో పట్టేస్తుంది. బాణం తగిలితే కాసేపు ఆగిపోతుంది, అప్పుడు వెనక్కి పరుగెత్తి గుల్ల మీద కత్తితో కొట్టాలి. గది మధ్యలో నిలబడితే ఎటు తిరగడానికైనా వీలుంటుంది, గోడ పక్కన నిలబడవద్దు.

ప్రశ్న: మా అన్నయ్య డల్లాస్ నుంచి 3డీఎస్, చార్జర్ పంపుతున్నాడు. పిన్ మార్చే అడాప్టర్ పెట్టి ఇక్కడ వాడుకోవచ్చా? అందులో ఈ డీఎస్ ఆట నడుస్తుందా?
– హనుమకొండ

జవాబు: చార్జర్‌ను ప్లగ్గులో పెట్టకండి! అమెరికాలో ఈ యంత్రంతో అమ్మే చార్జర్ 120 వోల్టులకు మాత్రమే చేసినది. మన గోడలో వచ్చేది 230. పిన్ మార్చే అడాప్టర్ పిన్నుల ఆకారాన్నే మారుస్తుంది, వోల్టేజిని కాదు. పెట్టిన కాసేపట్లో చార్జర్ కాలిపోతుంది. ఫోన్, ల్యాప్‌టాప్ చార్జర్లు 100 నుంచి 240 దాకా తట్టుకుంటాయి కాబట్టి ఇదీ అంతేనని చాలామంది పొరబడతారు. చార్జర్ వీపు మీద "ఇన్‌పుట్" అన్న వరుస చదవండి. అక్కడ 240 లేకపోతే వాడవద్దు. రెండు దారులున్నాయి. ఒకటి, 230ని 110కి దించే చిన్న ట్రాన్స్‌ఫార్మర్ కొనడం. రెండోది, 3డీఎస్‌కు సరిపోయే యూఎస్‌బీ చార్జింగ్ కేబుల్ కొని మామూలు 5 వోల్టుల ఫోన్ అడాప్టర్‌కు తగిలించడం. డీఎస్ లైట్ చార్జింగ్ రంధ్రం వేరు, దానికి వేరే కేబుల్ అడగండి.

ఆట నడుస్తుంది. డీఎస్ ఆటలకు దేశం అడ్డు లేదు, అమెరికా 3డీఎస్‌లో యూరప్ కార్డు పెట్టినా ఆడవచ్చు. అసలు 3డీఎస్ కోసమే చేసిన ఆటలకు మాత్రం ఆ అడ్డు ఉంది. జపాన్ కార్డులో అక్షరాలు జపనీస్‌లోనే ఉంటాయి, ధర తక్కువని కొనకండి. సూచనలు చదవకుండా ఈ ఆటలో ఒక్క తలుపు తెరవలేరు. 3డీఎస్‌లో బొమ్మ కాస్త మసకగా కనబడితే కారణం, డీఎస్ తెర 256 గుణకారం 192 చుక్కలు, దాన్ని 3డీఎస్ సాగదీసి చూపిస్తుంది. ఆట తెరిచేటప్పుడు స్టార్ట్ లేదా సెలెక్ట్ నొక్కి పట్టుకుంటే అసలు కొలతలో, పదునుగా వస్తుంది. అయితే గీసే చోటు కూడా చిన్నదవుతుంది. మ్యాప్ మీద రాత ఎక్కువ కాబట్టి ఈ ఆటకు పెద్ద బొమ్మే మంచిదని మా అభిప్రాయం.

ప్రశ్న: సెకండ్ హ్యాండ్ డీఎస్ లైట్, గేమ్ కార్డు కొనబోతున్నాను. ఏం చూడాలి?
– తిరుపతి

జవాబు: డీఎస్ లైట్‌లో మొదట విరిగేది కుడివైపు కీలు. మూత తెరిచి అక్కడ సన్నటి పగులు ఉందేమో వేలితో తడిమి చూడండి. తర్వాత యంత్రంలోనే ఉండే పిక్టోచాట్ తెరిచి, మూల నుంచి మూలకు నిదానంగా గీతలు గీయండి. నాలుగు అంచుల వెంట కూడా గీయండి. గీత తెగినా, పక్కకు దూకినా వదిలేయండి, ఈ ఆటకు ఆ యంత్రం పనికిరాదు. 3డీఎస్ అయితే హోమ్ మెనూలోని గేమ్ నోట్స్‌లో ఇదే పరీక్ష చేయవచ్చు.

కార్డుల్లో నకిలీలు చాలా ఉన్నాయి. అసలు కార్డు లేబుల్ మీద ఎన్‌టీఆర్ అని మొదలయ్యే కోడ్ ఉంటుంది, డీఎస్ తయారీ దశలో ఉన్న "నైట్రో" అన్న పేరుకు గుర్తు అది. లేబుల్ మీద అచ్చుతో లోపలికి నొక్కిన అంకెలు కూడా సన్నగా కనబడతాయి. నకిలీకి సాధారణంగా అవి ఉండవు, బొమ్మ రంగులు వెలిసినట్టుంటాయి. అన్నిటికన్నా నమ్మదగిన పరీక్ష ఒకటుంది. డబ్బు ఇచ్చే ముందు ఆట మొదలుపెట్టి, సేవ్ చేసి, స్విచ్ ఆపి, కార్డు తీసి, మళ్లీ పెట్టి చూడండి. నకిలీలు ఎక్కువగా దొరికిపోయేది ఇక్కడే. ఆటలో రెండు సేవ్ చోట్లు ఉంటాయి. పాతవాళ్ల ఆట ఉంటే ఒకటి ఉంచి రెండోదానిలో పరీక్షించండి.

ప్రశ్న: మా పాపది ఎడమచేతి వాటం. ఆడగలదా?
– రాజమహేంద్రవరం

జవాబు: హాయిగా ఆడగలదండీ. కొత్త ఆట మొదలుపెట్టేటప్పుడు పేరుతో పాటు ఏ చేతి వాటమో కూడా అడుగుతుంది, ఎడమ ఎంచుకోండి. స్టైలస్ ఎడమచేతిలో ఉంటుంది కాబట్టి సామాను సిద్ధం చేసుకోవడానికి కుడివైపున్న ఆర్ బటన్ వాడమనండి.

ప్రశ్న: ఇద్దరు కలిసి ఆడే పోటీ ఇంటర్నెట్‌లో కలవడం లేదు.
– మచిలీపట్నం

జవాబు: కలవదు. డీఎస్ ఆటల ఆన్‌లైన్ సేవను నింటెండో 2014 మే 20న ఆపేసింది. పక్కపక్కన కూర్చుని ఆడే పోటీ మాత్రం ఇప్పటికీ నడుస్తుంది, ఇద్దరికీ కలిపి ఒక్క కార్డు చాలు. కార్డు లేనివాళ్లు తమ యంత్రంలో డీఎస్ డౌన్‌లోడ్ ప్లే తెరిచి ఎదురుచూస్తే, కార్డు ఉన్నవాళ్ల యంత్రం నుంచి ఆట అటు వెళ్తుంది.